మంటలో కాదు, తేడాలో ఉంది బలం: పాత వేడిగాలి ఇంజన్లు నడిచే తీరు, బాగుచేసే తీరు

క్లుప్తంగా: వేడిగాలి ఇంజన్‌కి బాయిలర్ ఉండదు, స్పార్క్ ప్లగ్ ఉండదు, సిలిండర్ లోపల ఏదీ మండదు. లోపల మూసిపెట్టిన గాలిని ఒక కొసన వేడిచేసి, మరో కొసన చల్లబరిచి, ఆ రెండింటి తేడాతో చక్రం తిప్పుతుంది. పుట్టే బలం చాలా తక్కువ కాబట్టి కొద్దిపాటి లీకు, కొద్దిపాటి రాపిడి, కాస్త వేడెక్కిన నీటి తొట్టి, వీటిలో ఏ ఒక్కటైనా దాన్ని ఆపేస్తుంది. బాగుచేయడం అంటే ఈ మూడింటినీ ఒక్కొక్కటిగా తగ్గించుకుంటూ పోవడం.

విజయనగరం, శ్రీకాకుళం వైపు పాత లోగిళ్లు పడగొట్టేటప్పుడు అటకల మీది సామాను కిందికి దిగుతుంది. అలాంటి చోట కింద దీపం, మధ్యలో ఇత్తడి గొట్టాలు, పైన ఫ్యాను రెక్కలు ఉన్న వస్తువు కనిపిస్తే చూసినవాళ్లు తికమకపడతారు. దీపమా, ఫ్యానా? దీపం వెలిగిస్తే రెక్కలు ఎందుకు తిరుగుతాయి? ఆవిరి ఇంజన్ అనుకుందామంటే నీళ్లు పోసే చోటు లేదు. పెట్రోలు ఇంజన్ అనుకుందామంటే కార్బురేటర్ లేదు. చివరికి ఇత్తడి బరువు తూచి పాత ఇనుము కొట్టుకి ఇచ్చేస్తారు.

అది కిరసనాయిలు ఫ్యాను. కరెంటు లేని రోజుల్లో జోస్ట్, కై-కో, లేక్ బ్రీజ్ వంటి పేర్లతో ఇలాంటివి అమ్ముడయ్యాయి. ఫ్యాను ఒక రూపం మాత్రమే. ఇదే సూత్రం మీద నూతి నీళ్లు తోడే పెద్ద ఇంజన్లూ నడిచాయి. ఫ్యాను అయినా, పంపు అయినా, పాడైతే బాగుచేసే పద్ధతి దాదాపు ఒకటే.

తిరిగేది ఎందుకు?

మే నెల మిట్టమధ్యాహ్నం ఎండలో నిండా గాలి కొట్టిన సైకిల్ నిలబెడితే ట్యూబు పగులుతుందని సైకిల్ షాపువాళ్లు హెచ్చరిస్తారు. మూసిన గాలి వేడెక్కితే ఒత్తిడి పెరుగుతుంది, చల్లబడితే తగ్గుతుంది. వేడిగాలి ఇంజన్‌కి ఈ ఒక్క విషయం చాలు. అయితే ఇంజన్ తిరగాలంటే ఆ వేడెక్కడం, చల్లబడడం నిమిషానికి వంద సార్లో, ఇంకా ఎక్కువ సార్లో జరగాలి. మందపాటి ఇనుప సిలిండర్‌ని అంత వేగంగా కాల్చి చల్లార్చడం ఎవరి తరమూ కాదు.

ఇక్కడే అసలు తెలివి ఉంది. సిలిండర్‌ని మార్చరు, గాలిని కదుపుతారు. సిలిండర్ ఒక కొస ఎప్పుడూ మంట మీద ఉంటుంది. రెండో కొస ఎప్పుడూ చల్లగా ఉంటుంది. లోపల ఒక డొల్ల డబ్బా వదులుగా కదులుతుంటుంది. ఇంజనీర్లు దీన్ని డిస్‌ప్లేసర్ అంటారు, మన మాటల్లో తోపుడు డబ్బా అనుకోవచ్చు. అది చల్లని కొసకి వెళ్తే అక్కడి గాలి పక్క సందులోంచి వేడి కొసకి జారుతుంది, ఒత్తిడి పెరుగుతుంది. అది వేడి కొసకి వస్తే గాలి చల్లని కొసకి జారుతుంది, ఒత్తిడి పడిపోతుంది. తోపుడు డబ్బా ఏ బలమూ పుట్టించదు. బలం పుట్టేది బిగుతుగా ఉండే రెండో పిస్టన్ దగ్గర. ఒత్తిడి పెరిగినప్పుడు అది బయటికి నెట్టబడుతుంది, తగ్గినప్పుడు బయటి గాలి దాన్ని లోపలికి తోస్తుంది.

రెండింటినీ ఒకే క్రాంకుకి (ముందువెనకల కదలికని చక్రపు తిరుగుడుగా మార్చే వంకర కడ్డీకి) కలుపుతారు, కానీ ఒకేసారి కదలనివ్వరు. తోపుడు డబ్బా పావు చుట్టు, అంటే సుమారు 90 డిగ్రీలు ముందుంటుంది. గాలి ముందు వేడెక్కాలి, ఆ తరవాతే పిస్టన్ కదలాలి. ఈ ముందువెనకల తేడా పోతే ఎంత మంట పెట్టినా చక్రం ఊగుతుంది తప్ప తిరగదు. విప్పి బిగించిన ఇంజన్లు నడవకపోవడానికి ఇదొక మామూలు కారణం. విప్పేముందు గుర్తులు పెట్టుకోనివాళ్లు క్రాంకుని తిరగేసి బిగిస్తారు.

లెక్క చూస్తే విషయం ఇంకా స్పష్టం. మూసిన గాలి ఒత్తిడి కెల్విన్ కొలతతో (పరమ సున్నా నుంచి లెక్కించే ఉష్ణోగ్రతతో) సమంగా పెరుగుతుంది. 40 డిగ్రీల సెల్సియస్ అంటే 313 కెల్విన్. 350 డిగ్రీలంటే 623 కెల్విన్. మూసిన గాలిని మొదటి దాన్నుంచి రెండో దాని వరకు కాలిస్తే ఒత్తిడి సుమారు రెట్టింపు అవుతుంది, అంతే. అది కూడా మొత్తం గాలి వేడెక్కితేనే. సందుల్లో, మూలల్లో మిగిలే గాలిని లెక్కేస్తే అసలు ఇంజన్‌లో దక్కేది ఇంకా తక్కువ. డీజిల్ ఇంజన్ గాలిని పదహారో వంతు నుంచి ఇరవయ్యో వంతు వరకు నొక్కి ఇంధనం మండిస్తుంది. ఈ రెంటికీ పోలిక లేదు.

పాదిరి గారి ఇంజన్, ఇంజనీరు గారి ఓడ

1816లో స్కాట్లండ్‌లో రాబర్ట్ స్టర్లింగ్ అనే క్రైస్తవ మతబోధకుడు ఈ ఇంజన్‌కి పేటెంట్ తీసుకున్నాడు. 1818లో అలాంటిదొకటి ఒక రాతి క్వారీలో నీళ్లు తోడింది. ఆ రోజుల్లో ఆవిరి బాయిలర్లు పేలి మనుషులు పోయేవారు. గాలి ఇంజన్‌లో పేలడానికి నీటి ఆవిరి లేదు.

పేటెంట్‌లో ఇంకో ముఖ్యమైన భాగం ఉంది. వేడి కొస నుంచి చల్లని కొసకి వెళ్లే గాలి తన వేడిని దారిలో లోహపు తీగలకో రేకులకో ఇచ్చి, తిరిగి వచ్చేటప్పుడు దాన్నే తీసుకుంటుంది. స్టర్లింగ్ దానికి ఎకనమైజర్ అని పేరు పెట్టాడు, ఇప్పుడు రీజనరేటర్ అంటున్నారు. చిన్న ఫ్యాన్లలో ఇది విడిగా ఉండదు. తోపుడు డబ్బా చుట్టూ ఉన్న సన్నని సందే ఆ పని కొంతవరకు చేస్తుంది.

1843లో ఆయన తమ్ముడు జేమ్స్ స్టర్లింగ్ డండీ పట్టణపు ఫౌండ్రీలో ఒక ఆవిరి ఇంజన్‌ని గాలి ఇంజన్‌గా మార్చాడు. బాగా నడిచింది, బొగ్గు ఆదా చేసింది. కానీ మంట మీదుండే బీడు (పోత ఇనుము) భాగం మళ్లీమళ్లీ కాలి పగిలింది. 1847లో మళ్లీ ఆవిరికే పోయారు. తరవాతి కాలంలో వచ్చిన బెస్సెమర్ పద్ధతి ఉక్కు ముందే దొరికి ఉంటే గాలి ఇంజన్ గెలిచేదని రాబర్ట్ స్టర్లింగ్ 1876లో రాశాడు. అది నిష్ఠూరపు మాటగా తీసుకోనక్కర్లేదు. ఆ ఇంజన్‌ని ఓడించింది సూత్రం కాదు, లోహం.

స్వీడన్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన జాన్ ఎరిక్సన్ దారి వేరు. ఆయన 1853లో ఏకంగా ఓడనే వేడిగాలితో నడిపించాడు. నాలుగు సిలిండర్లు, ఒక్కొక్కటి 14 అడుగుల వెడల్పు. అంత పెట్టినా వేగం చాలలేదు. తరవాత అందులోనూ ఆవిరి యంత్రమే బిగించారు. ఆ దెబ్బతో ఆగిపోకుండా ఎరిక్సన్ చిన్న ఇంజన్ల వైపు మళ్లాడు. ఆయన నీటి పంపు ఇంజన్లు, అలెగ్జాండర్ రైడర్ రూపొందించిన రెండు పిస్టన్ల ఇంజన్లు తరవాత రైడర్-ఎరిక్సన్ కంపెనీ పేరుతో అమెరికాలో పొలాలకీ, పెద్ద ఇళ్లకీ చేరాయి. ఈరోజు సేకరణకర్తలు ఎక్కువగా బాగుచేసేవి ఇవే.

ఏతం ముందు నిలబెట్టి చూస్తే

బలం తక్కువ అన్న మాటకి కొలత కావాలి. గంటకి 2,000 లీటర్ల నీటిని 15 మీటర్ల ఎత్తుకి తోడడానికి అవసరమైన అసలు పని 82 వాట్లు. ఒక హార్స్‌పవర్ 746 వాట్లు. అంటే అందులో తొమ్మిదో వంతు. రోజంతా కష్టపడే మనిషి నిలకడగా ఇవ్వగలిగేది సుమారు 75 వాట్లు.

నాగావళి, వంశధార పక్క పొలాల్లో ఏతం చూసినవాళ్లకి ఈ అంకె వెంటనే అర్థమవుతుంది. దూలం మీద ముందుకీ వెనక్కీ నడిచే మనిషి శరీరం బరువే అక్కడ యంత్రం. పాత వేడిగాలి పంపు ఇచ్చింది ఆ ఒక్క మనిషి బలం. కాకపోతే అలసట లేకుండా, ఏ పుల్ల వేసినా, పగలూ రాత్రీ. బావి నుంచి ఇంటి మేడమీది తొట్టికి నీళ్లు ఎక్కించడానికి అంతకంటే అక్కర్లేదు.

ఎరిక్సన్ పంపులో ఒక చక్కటి ఏర్పాటు ఉంది. తోడిన నూతి నీరే సిలిండర్ చుట్టూ ఉన్న నీటి తొడుగులోంచి పోతూ చల్లని కొసని చల్లగా ఉంచుతుంది. నీళ్లు వస్తున్నంతసేపు ఇంజన్ నడుస్తుంది, నడుస్తున్నంతసేపు నీళ్లు వస్తాయి. పంపులో గాలి చేరి నీళ్లు ఆగితే కాసేపటికి ఇంజన్ కూడా నీరసిస్తుంది. దానికి మంట పెంచడం మందు కాదు.

ఆవిరి పక్కన పెడితే గాలి బలహీనత ఎక్కడుందో తెలుస్తుంది. లీటరు నీరు మామూలు ఒత్తిడిలో ఆవిరైతే సుమారు 1,700 లీటర్లవుతుంది. లీటరు గాలి బరువు 1.2 గ్రాములు, దాన్ని ఎంత కాల్చినా రెండు మూడు రెట్లు దాటదు. పైగా ఇనుప గోడ దాటి గాలిలోకి వేడి చేరడం నెమ్మది. అందుకే అదే బలానికి గాలి ఇంజన్ బాగా పెద్దదిగా ఉండాలి. 1876లో నికొలాస్ ఒట్టో నాలుగు స్ట్రోకుల ఇంజన్ వచ్చాక, ఆ తరవాత కరెంటు మోటార్లు వచ్చాక దాని చోటు తగ్గిపోయింది. అయితే బాయిలర్ లేకపోవడం చివరిదాకా దానికి కలిసొచ్చింది. మన దగ్గర 1923 బాయిలర్ల చట్టం కింద ఆవిరికి తనిఖీలు, సర్టిఫికెట్లు ఉండేవి. గాలి ఇంజన్‌కి ఆ బాధ లేదు. వంటమనిషి కూడా నడపగలిగేది.

డీజిల్ మెకానిక్ అలవాట్లు ఇక్కడ చెరుపు చేస్తాయి

రాజాం, చీపురుపల్లి, పలాస, ఏ ఊళ్లో అయినా మంచి డీజిల్ మెకానిక్కు, లేత్ మిషన్ షాపు దొరుకుతాయి. వాళ్ల చేతి నైపుణ్యానికి వంక పెట్టలేం. చిక్కంతా అలవాటుతో వస్తుంది. డీజిల్ పంపుసెట్టుకి కంప్రెషన్ ప్రాణం. కాబట్టి రింగులు బిగుతుగా వేస్తారు, బుష్‌లు (షాఫ్టు తిరిగే లోహపు తొడుగులు) గట్టిగా కొడతారు, 40 నంబర్ ఆయిల్ పోస్తారు. వేడిగాలి ఇంజన్‌కి ఈ మూడూ విషమే. డీజిల్ ఇంజన్ తన రాపిడిని తానే జయించగలదు. ఇక్కడ ఆ మిగులు బలం లేదు. చిక్కటి నూనె ఒక్కటి చాలు, చక్రం కదలకుండా ఆపేయడానికి.

అందుకే బాగుచేయడం మంటతో కాదు, చేత్తో తిప్పడంతో మొదలవుతుంది. పట్టేసిన చక్రాన్ని బలవంతంగా తిప్పకూడదు. బీడు ఆకులు, సన్నని కడ్డీలు విరిగితే అతకడం కష్టం. తుప్పు వదిలించే నూనె పోసి రోజుల తరబడి నానబెట్టాలి, అవసరమైతే చుట్టూ సమంగా కొద్దిగా వెచ్చబెట్టాలి. విప్పేటప్పుడు ప్రతి దశలో ఫోటో తీయాలి, ప్రతి జతకీ గుర్తు పెట్టాలి. పాత పెయింట్‌లో సీసం, పొయ్యి చుట్టూ ఉన్న తెల్లటి పీచు పూతలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. పొడిగా గీకితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడిపి తీయాలి, మూతికి సరైన మాస్కు ఉండాలి.

భాగాలు విడిపోయాక ఒక్కొక్కటి విడిగా పరీక్షించాలి. పిస్టన్ తీసేసి ఫ్లైవీల్‌ని చేత్తో ఒక తోపు తోస్తే అది చాలాసేపు తిరిగి, నెమ్మదిగా ఆగాలి. ఎక్కడో ఒకే చోట టక్కున ఆగుతుంటే షాఫ్టు వంగిందనో, బుష్ బిగుసుకుందనో అర్థం. ఆ తరవాత పిస్టన్ కలిపి తిప్పితే గాలి స్ప్రింగులా ఎదురు తోసి చక్రాన్ని కాస్త వెనక్కి నెట్టాలి. ఆ తోపు లేకపోతే గాలి ఎక్కడో పోతోంది. సబ్బు నురగ రాస్తే బుడగలే చోటు చూపిస్తాయి.

పిస్టన్ దగ్గర ఎరిక్సన్ ఇంజన్‌లో ఉండేది తోలు. సైకిల్ పంపులో గిన్నెలా ఉండే తోలు వాషరు గుర్తుంటే చాలు, అదే పద్ధతి పెద్ద ఎత్తున. వందేళ్ల తోలు ఎండి గట్టిపడి ఉంటుంది. కొత్తది కోసి, తడిపి, అచ్చులో ఒత్తి, ఆరాక నూనె పట్టించాలి. పాశ్చాత్య దేశాల్లో దీనికి పశువుల కాళ్ల ఎముకల నుంచి తీసే నూనె వాడతారు. మన దగ్గర చెప్పులు కుట్టేవాళ్లు తోలు మెత్తబరచడానికి తరతరాలుగా ఆముదం రాస్తున్నారు. తోలు మెత్తబడడం వరకు ఆముదం మంచిదే. కానీ వేడి తగిలేచోట అది జిగురై గట్టిపడుతుంది కాబట్టి సిలిండర్ గోడకి అంటేలా పోయకూడదు. తోలు గిన్నె అంచు గోడని తాకీ తాకనట్టు ఉండాలి. ఒత్తిడి పెరిగినప్పుడు తనే విచ్చుకుని మూసుకుంటుంది.

కిరసనాయిలు ఫ్యాన్లలో తోలు ఉండకపోవచ్చు. పిస్టన్ నేరుగా సిలిండర్‌లో సన్నని సందుతో జారుతుంది. దాన్ని ఉప్పుకాగితంతో మెరిసేదాకా రుద్దడం పెద్ద పొరపాటు. ఆ సందు పెరిగితే తిరిగి రాదు. పాత జిడ్డు కిరసనాయిలుతో కడిగి, కుట్టుమిషన్ నూనె ఒకటి రెండు చుక్కలు వేస్తే చాలు.

మంట మీది మూత, లోపలి డబ్బా

డండీలో ఓడిపోయిన భాగమే, అంటే సిలిండర్ వేడి కొసని మూసే బీడు మూతే, ఈరోజూ ముందు పాడయ్యే భాగం. మళ్లీమళ్లీ కాలిన బీడు కొద్దికొద్దిగా ఉబ్బుతుంది, పొలుసులు రాలుతుంది, చివరికి వెంట్రుక పగుళ్లు తేలతాయి. లోపల దీపం పెట్టి చీకట్లో చూస్తే పగుళ్లు బయటపడతాయి. వెల్డింగ్ చేస్తే చాలామటుకు పక్కనే మరో పగులు వస్తుంది. కొత్తగా పోత పోయించడం లేదా స్టెయిన్‌లెస్ స్టీల్‌తో చేయించడం మిగిలిన దారులు. రెండోదానిలో ఒక లెక్క గమనించాలి. స్టెయిన్‌లెస్ స్టీల్ బీడు కంటే మూడు నాలుగు వంతులు తక్కువగా వేడిని పంపుతుంది. మందంగా చేస్తే మంట వేడి గాలికి అందదు. పలచగా చేస్తే ఆ లోపమే లాభం అవుతుంది. పక్క గోడల వెంబడి వేడి చల్లని కొసకి పాకడం తగ్గుతుంది.

తోపుడు డబ్బా పలచటి రేకుతో చేసింది కాబట్టి తుప్పుకి ముందే చిల్లులు పడుతుంది. సైకిల్ షాపులో పంక్చరు వెతికినట్టు గోరువెచ్చని నీళ్లలో ముంచితే బుడగలు కనిపిస్తాయి. ఈ పరీక్ష తరవాత ఒక జాగ్రత్త తప్పదు: చిల్లులోంచి లోపలికి చేరిన నీరో నూనో పూర్తిగా ఆరకముందే చిల్లు మూసి మంట మీద పెడితే, లోపల ఆవిరి పుట్టి డబ్బా పగలొచ్చు. వేడిగాలి ఇంజన్‌లో నిజంగా పేలగలిగే చోటు అదొక్కటే అనుకోవచ్చు. కొత్త డబ్బా చేస్తే పాతదాని పొడవు, వెడల్పు అలాగే ఉంచాలి. బరువు పెరగకూడదు. గోడకి ఎక్కడా రాసుకోకూడదు.

కంచు వేరు, గన్‌మెటల్ వేరు

సారవకోట మండలంలోని బుడితి కంచు, ఇత్తడి పోతకి పేరున్న ఊరు. పాత ఇంజన్ బుష్‌లు అక్కడ పోయించవచ్చు కదా అనిపించడం సహజం. పోత పనితనం వాళ్ల దగ్గర ఉన్న మాట నిజం. లోహం మాత్రం మార్చుకోవాలి. గంట కంచులో తగరం ఐదో వంతు దాకా ఉంటుంది, అందుకే ఖంగున మోగుతుంది, అందుకే పెళుసు కూడా. బుష్‌కి కావలసిన గన్‌మెటల్‌లో రాగి 88, తగరం 10, జింకు 2 పాళ్లు. ఆ పాళ్లతో పోసి లేత్ మీద తీయిస్తే బుష్ దశాబ్దాలు మన్నుతుంది. నూనె కప్పులు, అలంకారపు ఇత్తడి భాగాలైతే వాళ్ల మామూలు లోహంతోనే కుదురుతాయి.

కళింగపట్నం నుంచి బారువ దాకా సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఉప్పు తేమ మరో శత్రువు. బయటి పెయింట్ కంటే లోపలి తుప్పు ప్రమాదం. నడపని రోజుల్లో నీటి తొడుగు పూర్తిగా ఖాళీ చేసి ఆరబెట్టాలి. లోపల పేరుకున్న సున్నపు పొరకి వెనిగర్ లేదా నిమ్మ ఉప్పు నీళ్లు చాలు. గాఢమైన యాసిడ్ బీడుని తినేస్తుంది. పాత పెయింట్ అంతా గీకేసి ఇత్తడి బంగారంలా తోమడం అమ్మకానికి పనికొస్తుందేమో గాని, వస్తువు వయసు చెప్పే సాక్ష్యం దాంతో పోతుంది. కొత్తగా చేసి పాతవంటూ అమ్మే నకలు ఫ్యాన్లు మార్కెట్లో ఉన్నందున ఆ సాక్ష్యానికి విలువ ఇంకా ఎక్కువ. వందేళ్లు దాటిన వస్తువు 1972 పురావస్తువుల చట్టం పరిధిలోకి రావచ్చు కూడా. విదేశీ కొనుగోలుదారుకి పంపేముందు పురావస్తు శాఖని అడగడం మంచిది.

ఊకతో నడుస్తుందా?

శ్రీకాకుళం జిల్లాలో రైసు మిల్లుల ఊక, పలాసలో జీడిపిక్కల తొక్క కొండల్లా పడి ఉంటాయి. బయటి నుంచి కాల్చే ఇంజన్ కాబట్టి ఏదైనా ఇంధనమే. ఈ ఆలోచన కొత్తది కాదు. 1980ల్లో బంగ్లాదేశ్‌లో ఊకతో నడిచే 5 హార్స్‌పవర్ స్టర్లింగ్ ఇంజన్‌ని ప్రయత్నించారు. అది పల్లెల్లో పాతుకోలేదు. ఊక కాలితే ఐదో వంతు బూడిద, అందులో చాలా భాగం సిలికా. అది వేడి మూత మీద పొరకడితే వేడి లోపలికి పోదు. అదే ధరకి దొరికే డీజిల్ ఇంజన్ చిన్నది, బలమైనది. ఇప్పుడు సోలార్ పంపు కూడా పోటీలో ఉంది. ఈ సూత్రం ఖరీదైన చోట్ల మాత్రం బతికే ఉంది: స్వీడన్ గోట్‌లాండ్ జలాంతర్గాములు నీటి అడుగున స్టర్లింగ్ ఇంజన్లతో నడుస్తాయి. పాత పంపులని మళ్లీ పొలానికి దించాలన్న ఆశకి ఆధారం లేదు. వాటిని నడిచే స్థితిలో కాపాడుకోవడం వేరే సంగతి, అది పూర్తిగా సాధ్యం.

మొదటి మంట

అన్నీ బిగించాక చిన్న మంటతో మొదలుపెట్టాలి. గ్యాస్ టార్చి పెట్టకూడదు, మూత ఎప్పుడూ ఎర్రబడకూడదు. పెద్ద పంపు ఇంజన్ వేడెక్కడానికి పావుగంట ఇరవై నిమిషాలు పడుతుంది, ఫ్యానుకి కొద్ది నిమిషాలు. దానంతటది తిరగదు. చక్రాన్ని సరైన దిశలో చేత్తో తిప్పి వదలాలి. రెండు మూడు చుట్లు తిరిగి ఆగితే మరికాసేపు వేడి చేసి మళ్లీ ప్రయత్నించాలి.

బాగా తిరిగిన ఇంజన్ అరగంట తరవాత నెమ్మదించడం మన వాతావరణంలో తరచూ కనిపించే ఫిర్యాదు. అప్పుడు చెయ్యి దీపం వత్తి మీదికి పోతుంది. వేడి కొస 350 డిగ్రీల దగ్గరుండగా చల్లని కొస నూతి నీటిలా 28 డిగ్రీలుంటే, సిద్ధాంతపరంగా దక్కగల గరిష్ఠ సామర్థ్యం సుమారు 52 శాతం. పాత ఇంజన్లకి అందులో దక్కేది చిన్న ముక్కే. ఆ కొసని చల్లబరిచే తొట్టి నీరు 60 డిగ్రీలకి చేరితే ఆ గరిష్ఠమే సుమారు 47 శాతానికి దిగుతుంది. రాపిడి మాత్రం తగ్గదు, కాబట్టి ఆ చిన్న ముక్కలో చాలా భాగం పోతుంది. వత్తి పెంచితే వేడి గోడల వెంట పాకి చల్లని కొసని ఇంకా కాలుస్తుంది. తొట్టి మీద చెయ్యి పెట్టి చూసి, గోరువెచ్చన దాటి ఉంటే రెండు బిందెల నూతి నీళ్లు మార్చాలి. నీటి తొట్టి లేని ఫ్యానైతే గోడ మూల నుంచి కిటికీ పక్కకి జరపాలి. నిమిషంలో చక్రం మళ్లీ అందుకుంటుంది.